నలభై వేల ఏళ్ళ కంబగిరి

కంబగిరి వయసు ఆధార్ కార్డు ప్రకారం అరవై మూడేళ్ళు. ప్రాచీన సంపద పరిరక్షణ శాఖవారి రిజిస్టరు ప్రకారం నలభై వేల ఏళ్ళు, అదీ తక్కువలో తక్కువ. రెండూ సర్కారు కాగితాలే, రెంటి మీదా గుండ్రటి ముద్ర ఉంది. ఏది నమ్మాలో తేల్చుకోలేక ఆయన కొన్నాళ్ళు అద్దం చూసుకోవడమే మానేశాడు, పాపం. ఈ రెండు లెక్కల మధ్య ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల ముప్ఫై ఏడేళ్ళ తేడా ఎలా వచ్చిందో చెబుతాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఫైలు మాత్రం ఉంది.

కర్నూలు వైపు నల్లగుట్టపల్లె అని ఒక ఊరు. కంబగిరి ఆ ఊరివాడే. పడుచుతనంలో నాపరాయి గనుల్లో పనిచేశాడు. ఒక ఏడు ఊరి దగ్గరి గుహల్లో తవ్వకాలకని యూనివర్సిటీ పెద్దలు వచ్చి ఆరు నెలలు మకాం వేస్తే, మట్టి తట్టలు మోసే పనికి కుదిరాడు. వాళ్ళు మట్టిలోంచి బెత్తెడు పొడవు రాతికత్తి ఒకటి తీసి, దూదిలో పెట్టి, పురిటిబిడ్డను చూసినట్టు ఒకరి తర్వాత ఒకరు చూస్తుంటే, తట్ట దించి కంబగిరి కూడా మెడ చాచాడు. చూసి, దీన్ని కూడా ఎవడో మనలాంటి కూలోడే కొట్టుంటాడు గదా అనుకున్నాడు. ఆ అనుకోవడమే ఆయన కొంప ముంచింది.

మర్నాటి నుంచే ఊరి పక్క వాగువంకలో చెకుముకి రాళ్ళు ఏరుకొచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి రెండేళ్ళూ రాయి కన్నా వేళ్ళే ఎక్కువ పగిలాయి. తర్వాత మెల్లగా కిటుకు పట్టుబడింది. ముందు రాయిని తట్టి వినాలి. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. తొడ మీద తోలుముక్క వేసుకుని, గుండ్రాయితో అంచు మీద ఏటవాలుగా ఒక్క దెబ్బ వేస్తే చేప పొలుసులాగా పెచ్చు ఊడి రావాలి. ఆ తర్వాత ఎనుము కొమ్ము ముక్కతో అంచు నొక్కుకుంటూ పోతే మంగలికత్తికి తీసిపోని పదును వస్తుంది. తవ్వకాల పెద్ద ప్రొఫెసరు అది చూసి మురిసిపోయి, వెళ్ళిపోయే ముందు ఒక్క మాట చెప్పాడు. మన రాయి మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది నాయనా, పేరూ తేదీ రాయకపోతే రేపు అది అబద్ధం చెబుతుంది అన్నాడు.

కంబగిరికి అది వేదమైపోయింది. కొట్టిన ప్రతి కత్తికీ అడుగున ఎర్ర పెయింటుతో ‘కం’ అని రాసి, కింద తేదీ వేసేవాడు. పిల్లలకు పాఠం చెప్పడానికని కాలేజీలవాళ్ళు అడిగి తీసుకుపోయేవారు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆయన భార్య సుంకమ్మ మాత్రం ఆ కత్తులతో ఒక్క వంకాయ కూడా తరగలేదు. ఇంట్లో ఇనపకత్తి పెట్టుకుని రాయితో తరిగేదానికి నాకేమన్నా పిచ్చా అనేది.

సుంకమ్మకున్న పిచ్చి వేరు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె మట్టిమిద్దె కింద కాపురం చేసింది. ప్రతి వానాకాలం గిన్నెలూ చెంబులూ బొట్లు పడే చోటల్లా పెట్టి, అవి నిండితే పారబోసి, మళ్ళీ పెట్టేది. ఈ వానాకాలానికైనా తల మీద గట్టి కప్పు ఉండాలని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. పాత మిద్దె కూల్చారు. గోడలు లేపారు. సెంట్రింగు చెక్కలు బిగించి, ఇనుము కట్టి, మేస్త్రీ హుసేనప్ప వచ్చే గురువారం స్లాబు పోస్తానన్నాడు. అందాకా ఆలుమగలిద్దరూ వాకిట్లో టార్పాలిన్ పట్ట కింద కాపురం. పడమటి గుట్ట మీద అప్పుడప్పుడూ ఉరుముతోంది. ఉరిమినప్పుడల్లా సుంకమ్మ తలెత్తి సెంట్రింగు చెక్కల వైపు చూస్తోంది.

సరిగ్గా ఆ వారమే ‘తొలి మానవుడు మనవాడే’ అనే పథకం మండలానికి దిగింది.

మానవజాతి ఎక్కడ పుట్టిందన్న చర్చకు శాశ్వతంగా తెర దించాలని పైనుంచి ఆదేశం. పుట్టింది మన దగ్గరే అని ముందే నిర్ణయమైపోయింది. సాక్ష్యాలు సేకరించడమే మిగిలింది. మండలానికి నెలకు పన్నెండు ప్రాచీన వస్తువులు లక్ష్యంగా పెట్టారు. పక్క మండలంవారు పగిలిన కుండపెంకులు, ఒక విరిగిన తిరగలి చూపించి అప్పుడే శాలువాలు కప్పించుకున్నారు. ఈ మండలానిది సున్నా. నెలాఖరు ముంచుకొస్తోంది. శాఖవారి జీపు ఊళ్ళ మీద పడి, నునుపుగా కనబడిన ప్రతి రాయినీ తిరగేస్తోంది.

ఆ జీపుకు నల్లగుట్టపల్లె బస్టాపులో కంబగిరి కనబడ్డాడు. ఒళ్ళో బుట్ట, బుట్టలో కాలేజీకి తీసుకుపోతున్న రాతికత్తులు, లెక్కకు సరిగ్గా పన్నెండు. జీపు కీచుమని ఆగింది. వాటిని తానే కొట్టానని, అడుగున తేదీలు కూడా ఉన్నాయని ఆయన చెబుతూనే ఉన్నాడు, వాళ్ళు బుట్ట ఎత్తుకుంటూనే ఉన్నారు. రసీదు అడిగితే మర్యాదగానే ఇచ్చారు. పన్నెండు రాతి పరికరాలు, నల్లగుట్టపల్లె శివారులో, ఉపరితలం మీద లభ్యం అని అందులో ఉంది. ఆ ఉపరితలం తన ఒడే అని కంబగిరికి ఇంటికి వెళ్ళాక గానీ వెలగలేదు.

దొరికిన వస్తువును ముందు కడగాలన్నది ఆ శాఖలో మొదటి నియమం. మెత్తటి బ్రష్షుతో, కుంకుడు నీళ్ళతో, మూడుసార్లు. పన్నెండింటినీ చక్కగా కడిగి, ‘ఎర్రటి మలినము తొలగించబడినది’ అని రిజిస్టరులో రాశారు. తర్వాత నిపుణుల కమిటీ కూర్చుంది. చెక్కడంలో పనితనం చూసి, ఇంత చేయి తిరిగినవాళ్ళు ఈ కాలంలో ఎక్కడున్నారని ఒకరు, లేరని ఇంకొకరు అన్నారు. ఏకగ్రీవంగా నలభై వేల ఏళ్ళని తీర్మానించారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది.

ఆ ఫోటో చూసిన దగ్గరనుంచి కంబగిరికి అన్నం సయించలేదు. తన రాయి అబద్ధం చెబుతోంది. అదీ జిల్లా ఎడిషన్లో, రంగుల్లో. పోతే పోయినాయి, మళ్ళీ కొట్టుకో, ముందు స్లాబు సంగతి చూడమని సుంకమ్మ నెత్తీనోరూ మొత్తుకుంది. వింటేనా? ఉతికిన పంచె కట్టుకుని, గుండ్రాయీ కొమ్ముముక్కా, తోలుముక్కా, ఒక చెకుముకి రాయీ, ఎర్ర పెయింటు డబ్బా చేతిసంచిలో వేసుకుని, ఆయన జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు.

శాఖ ఉపసంచాలకులు త్రివిక్రమరావు గారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కావాలన్నా, తగు చర్యల నిమిత్తం అనకుండా ఉండలేడని గిట్టనివాళ్ళు అంటారు. కంబగిరి చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

“సదరు పరికరముల వయస్సు కమిటీచే నిర్ధారింపబడినది. కమిటీ తీర్మానమును పునఃపరిశీలించు అధికారము కమిటీకి కూడా లేదు.”

“కొట్టినోన్ని నేనే గదా సార్. మొన్న మంగళవారం కొట్టినా.”

“నిరూపింపగలవా?”

 కంబగిరి నేల మీద కూర్చుని, తొడ మీద తోలు పరిచి, రాయి తట్టి విని, పని మొదలుపెట్టాడు. టైపు మిషన్ల దగ్గర్నుంచి, క్యాంటీన్ నుంచి, జనం లేచి వచ్చి గుమిగూడారు. పెచ్చులు ఎగిరి ఫైళ్ళ మీద పడ్డాయి. అరగంటలో అద్దంలాంటి కత్తి తయారైంది. ఆయన దానికి ఎర్ర పెయింటుతో పేరూ తేదీ వేసి, చెమట తుడుచుకుని, ఉపసంచాలకుల బల్ల మీద పెట్టాడు. చూసినవాళ్ళు పదకొండుమంది సాక్షి సంతకాలు చేశారు.

ఆ కత్తిని నియమం ప్రకారం కడిగారు. కమిటీకి పంపారు. కమిటీ దాన్ని మిగతా పన్నెండింటితో పోల్చి చూసి, అదే చేయి, అదే కాలం, నలభై వేల ఏళ్ళకు తగ్గదని రాసి పంపింది. లభ్యమైన చోటు అన్న గడిలో ‘ఉపసంచాలకుల కార్యాలయము, రెండవ అంతస్తు’ అని వేశారు.

ఇంకెవరైనా అయితే ఇక్కడితో తల పట్టుకునేవారు. త్రివిక్రమరావు గారు తర్కశాస్త్రం చదువుకున్న మనిషి. సూపరింటెండెంటు దస్తగిరిని పిలిచి నోట్ రాయించాడు. పరికరము నలభై వేల సంవత్సరముల నాటిది. ఇది కమిటీ తీర్మానము, కాదనుటకు వీలులేదు. దానిని చేసినవాడు కంబగిరి. దీనికి పదకొండుమంది సాక్షులు, కాదనుటకు వీలులేదు. పరికరము కంటె దానిని చేసినవాడు ముందు పుట్టియుండవలెను. కావున సదరు కంబగిరి వయస్సు నలభై వేల సంవత్సరములకు తక్కువ కాదు. వంద సంవత్సరములు దాటిన ప్రతి ప్రాచీన సంపదయు శాఖ సంరక్షణలోనికి వచ్చును.

దస్తగిరి ముప్ఫై ఏళ్ళ సర్వీసున్నవాడు. కలం ఆపి, రిజిస్టరులో మనిషికి గడి లేదు సార్ అన్నాడు. శిల్పము, శాసనము, నాణెము, కట్టడము, ఇవే ఉన్నాయి. త్రివిక్రమరావు గారు కంబగిరిని ఎగాదిగా చూశాడు. ముందుపళ్ళు లేని నోరు, వంగిన నడుము, తెల్ల పెయింటు వేసినట్టున్న తల.

“కట్టడము అని వేయండి. బ్రాకెట్టులో, శిథిలావస్థ.”

ఆ క్షణం నుంచి ఆయన కంబగిరిని నువ్వు అనడం మానేసి తమరు అనడం మొదలుపెట్టాడు. కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర ఇద్దరు అటెండర్లు చెరో రెక్కా పట్టుకున్నారు. పడి విరిగితే జవాబుదారీ వాళ్ళది గదా.

బుధవారం నల్లగుట్టపల్లెకు జీపు వచ్చింది, వెనకే నీలం బోర్డు వచ్చింది. ‘ఇది సంరక్షిత కట్టడము. దీనిపై పేర్లు చెక్కుట, గోడపత్రికలు అంటించుట, దీనికి హాని చేయుట శిక్షార్హము.’ ఆ బోర్డు ఎక్కడ పాతాలన్నదాని మీద కొంత చర్చ జరిగింది. చివరికి కంబగిరి మంచం తలవైపున పాతారు. దాంతోపాటు పన్నెండు నిబంధనల కాగితం ఇచ్చారు. కట్టడాన్ని గృహావసరాలకు గానీ వ్యాపారానికి గానీ వాడరాదు, అంటే ఇక రాయి కొట్టడం బంద్. కట్టడం పైభాగంలో మార్పులు చేయరాదు, అంటే క్షవరం బంద్. తొమ్మిదో నిబంధన చదివేసరికి హుసేనప్ప చేతిలోని తాపీ జారిపోయింది. కట్టడం చుట్టూ నూరు మీటర్ల లోపల ఎలాంటి నిర్మాణమూ చేపట్టరాదు.

రేపు గురువారం. కంకర వచ్చి ఉంది, సిమెంటు వచ్చి ఉంది, పడమట మబ్బు పట్టి ఉంది. సుంకమ్మ ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది, సరిగా పట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు గానీ విషయం పట్టడానికి క్షణం పట్టలేదు.

“అంటే నువ్వు ఇంట్లో ఉంటే ఇల్లు కట్టగూడదు. అంతే గదా? అయితే బయటికి పోయ్యా.”

పాపం, కోపంతో అన్న మాట కాదది. ఆమె కంటినిండా నీళ్ళున్నాయి. హుసేనప్ప టేపు తెచ్చి ఇంటి గోడ దగ్గర్నుంచి లాగుకుంటూ పోయాడు. నూటొకటో మీటరు దగ్గర వంక గట్టున ఒక పెద్ద చెకుముకి బండ ఉంది. కంబగిరి ఇరవై ఏళ్ళుగా రాయి కొట్టుకునేది ఆ బండ మీదే. మీటరు అదనంగా ఉండనీలే, ఆఫీసోళ్ళ టేపు ఎట్లుంటాదో అన్నాడు హుసేనప్ప. కంబగిరి దుప్పటీ చెంబూ పట్టుకుని ఆ బండ మీదికి కాపురం మార్చాడు. సుంకమ్మ పూటపూటా జొన్నరొట్టె, గోంగూర అక్కడికే మోసేది. మేస్త్రీకి గుండె నిబ్బరం చాలక స్లాబును సోమవారానికి జరిపాడు.

మూడు రోజులు కంబగిరి చేతులు కట్టుకుని ఆ బండ మీద కూర్చున్నాడు. అలవాటైన చేతులు, ఊరుకుంటాయా? నాలుగో రోజు తెల్లవారి ఎవరూ చూడకుండా ఒక చిన్న కత్తి కొట్టాడు. అలవాటు కొద్దీ అడుగున ఎర్రగా ‘కం’ అని, తేదీ వేశాడు. జీపు చప్పుడు వినబడేసరికి దాన్ని బండ పగుల్లోకి తోసేశాడు.

జీపులో వచ్చినవాళ్ళకు కత్తి కనబడలేదు గానీ అంతకన్నా ఘోరం కనబడింది. సంరక్షిత కట్టడము తన మూలస్థానంలో లేదు. కట్టడాన్ని అనుమతి లేకుండా ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చడం ఎంత పెద్ద నేరమో హుసేనప్పకు వివరించారు. ఆయన సగం విని సిమెంటు మూటల చాటుకు పోయాడు. కంబగిరిని మూలస్థానానికి, అంటే టార్పాలిన్ కింది మంచానికి, చేర్చారు. మార్చాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవాలి. రాతి కట్టడాన్ని మార్చే పద్ధతి వేరే ఉంది. ముందు ప్రతి రాయికీ అంకె వేయాలి, తర్వాత విడదీయాలి, కొత్తచోట అంకెల ప్రకారం మళ్ళీ పేర్చాలి. దస్తగిరి సుద్దముక్క పట్టుకుని, తలవంచుకుని, ఆయన కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి రెండు అని వేసుకుంటూ పోయాడు. పళ్ళ దగ్గర ఇరవై రెండు లెక్కకొచ్చాయి. పది గల్లంతు, బాధ్యులను గుర్తించవలసియున్నది అని రాసుకున్నాడు.

“ఈ విడదీసేది మాత్రం వద్దు సామీ,” అన్నాడు కంబగిరి.

“పైకి రాస్తాను పెద్దాయనా. జవాబుకు మూడు నెలలు పడతాది. అందాకా కదలద్దు.”

మూడు నెలలంటే వానాకాలం మొత్తం. ఆ రోజే మొదటి జల్లు పడింది. చిన్నదే, అయినా కట్టిన ఇనుము మీద బొట్లు నిలిచి, మర్నాటికి తుప్పు మచ్చలు తేలాయి. సుంకమ్మ ఒక్కొక్క కమ్మీనీ పాత చీరతో తుడుచుకుంటూ పోయింది. మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేదని కంబగిరికి అనిపించింది. ఇరవై ఏళ్ళుగా నిజం చెప్పిన పాపానికి పెళ్ళాం తల మీద కప్పు లేకుండా పోయింది గదా అని ఆయన లోపల్లోపలే కుమిలిపోయాడు.

ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆయన్ను వాడుకోవడం త్వరగానే నేర్చుకున్నారు. సర్పంచికి గిట్టనివాడు మేడ మీద మేడ లేపుతుంటే, సర్పంచి కంబగిరి మంచం దగ్గరికి వచ్చి, ఒక్క పూట నా అరుగు మీద టీ తాగిపో మామా అని బతిమాలాడు. ఆ గిట్టనివాడు ఇంకో దారిన వచ్చి, సర్పంచి వేయిస్తున్న సిమెంటు రోడ్డు పక్కనే కాస్త ఎండలో కూర్చోమని అడిగాడు. మంగలి దూరం నుంచే దండం పెట్టి పోయేవాడు. నెల తిరక్కుండా ఆయన గడ్డం మొహమంతా కమ్మేసింది. చూడవచ్చిన కాలేజీ పిల్లలు నలభై వేలంటే నిజమేనబ్బా అని గుసగుసలాడుకున్నారు.

ఈలోగా జిల్లా కేంద్రంలో పెద్ద వేడుక తలపెట్టారు. ఆ పదమూడు కత్తులను ఉంచడానికి శాఖవారు మూడంతస్తుల కొత్త భవనం కడుతున్నారు. దాని స్లాబు పోసే రోజుకు పైనుంచి పెద్దలు వస్తున్నారు. తొలి మానవుడు మనవాడే అని ఊరికే చెబితే ఏం బాగుంటుంది, మనవాణ్ణే తెచ్చి వేదిక మీద కూర్చోబెడదామని త్రివిక్రమరావు గారికి తోచింది. మూడు నెలలు పట్టే అనుమతి ఒక్క పూటలో వచ్చేసింది. అంకెలు చెరిగిపోకుండా కంబగిరికి చుట్టూ దూది చుట్టి, గడ్డితో ప్యాక్ చేసి, జీపులో తీసుకుపోయారు.

వేదిక పక్కనే భవనం. రెండువందలమంది కూలీలున్నారు, కాంక్రీటు మిషన్లు గడగడా తిరుగుతున్నాయి. పెద్దలు కొబ్బరికాయ కొట్టి, మొదటి తట్ట అందుకోబోయారు. కంబగిరి దూదిలోంచి మొహం బయటపెట్టి ఆ సెంట్రింగు చెక్కల్ని, ఆ ఇనుప కమ్మీల్ని చూశాడు. ఒక్క తుప్పు మచ్చ లేదు. అచ్చం తన ఇంటి కప్పే, కాకపోతే వంద రెట్లు.  అప్పుడు పక్కనున్న దస్తగిరిని మెల్లగా అడిగాడు.

“సామీ, ఆ గోడకూ నాకూ ఎన్ని మీటర్లుంటాది?”

దస్తగిరి గోడ వైపు చూశాడు, కట్టడం వైపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకు మొదటిసారి నవ్వొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చుకుని, నలభై అడుగులు పెద్దాయనా అన్నాడు. ఆ తర్వాత లేచి, మైకు ముందున్న త్రివిక్రమరావు గారి చెవిలో తొమ్మిదో నిబంధన చదివి వినిపించాడు. మిషన్లు ఆగిపోయాయి. పెద్దలు తట్ట చేత్తో పట్టుకునే నిలబడ్డారు.

కట్టడాన్ని తక్షణం తీసుకుపొమ్మని త్రివిక్రమరావు గారు ఆదేశించాడు. దస్తగిరి అనుమతి పత్రం తీసి చూపించాడు. అది తీసుకురావడానికి ఇచ్చిన అనుమతి. తీసుకుపోవడానికి వేరే దరఖాస్తు పెట్టాలి, పైకి రాయాలి, మూడు నెలలు. పోనీ తమంతట తామే లేచి వెళ్ళగలరా అని ఉపసంచాలకులు చేతులు జోడించాడు.

“కట్టడం లేచి పోతాదా సార్? మూలస్థానంలో లేనని మొన్నే కేసు రాస్తిరి. నాకు భయం. నేను కదలను,” అన్నాడు కంబగిరి.

మిషన్లలో కాంక్రీటు గట్టిపడుతోంది. పెద్దల మొహాలూ గట్టిపడుతున్నాయి. త్రివిక్రమరావు గారి తర్కశాస్త్రం తొలిసారి ఆయనకే అడ్డం తిరిగింది. ఏదో ఒక దారి చూపించవయ్యా దస్తగిరీ అన్నాడు, అచ్చంగా ఈ మాటల్లోనే, ఒక్క ‘సదరు’ కూడా లేకుండా.

దారి ఉంది. శాఖ సంరక్షణలో ఉండి కూడా కనబడకుండా పోయిన కట్టడాలకు వేరే రిజిస్టరు ఉంది. చెరువుల్లో మునిగిపోయినవి, దొంగలెత్తుకుపోయినవి, ఎక్కడున్నాయో రాసిన కాగితమే పోయినవి, అన్నీ అందులో చేరతాయి. జాడ తెలియని కట్టడానికి నిబంధనలు వర్తించవు. కాకపోతే నలుదిక్కులా వెతికి, దొరకలేదని పంచనామా రాయాలి. త్రివిక్రమరావు గారు వెంటనే నలుగురు అటెండర్లను నాలుగు దిక్కులకు పంపాడు. వాళ్ళు కంబగిరి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి, లేడు సార్ అన్నారు. పంచనామాకు ఊరివాడి సాక్షి సంతకం ఒకటి కావాల్సి వచ్చింది. నల్లగుట్టపల్లెవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. కంబగిరి దూది తీసేసుకుని, తాను ఎక్కడ వెతికినా తనకు కనబడలేదని రాసిన కాగితం మీద నిదానంగా సంతకం పెట్టాడు. కింద తేదీ వేశాడు.

చివరిసారి కనబడిన చోటు అన్న గడి దగ్గర కలం ఆగింది. కట్టడం పోయినా ఆ చోటు చుట్టూ నూరు మీటర్లు నిషేధమే. ఈ వేదిక అని రాస్తే భవనం మళ్ళీ ఆగుతుంది. ఇంట్లో మంచమని ఉపసంచాలకులు రాయించబోతుంటే కంబగిరి దస్తగిరి చెయ్యి పట్టుకున్నాడు. దస్తగిరి పాత కేసు కాగితం తిరగేసి, నల్లగుట్టపల్లె వంక గట్టున చెకుముకి బండ అని రాశాడు. త్రివిక్రమరావు గారు చదవకుండానే సంతకం చేశాడు. కంబగిరి అందరికీ దండం పెట్టి, బస్సెక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి నల్లగుట్టపల్లెలో మిషను తిరిగింది. హుసేనప్ప కూలీలను నిలబెట్టి కేకలేస్తూ, మధ్యాహ్నానికల్లా స్లాబు పోసేశాడు. సుంకమ్మ కూడా తట్టలు మోసింది. అడ్డం రావద్దమ్మా అని ఎంత చెప్పినా వినలేదు.

పదో రోజు జీపు మళ్ళీ వచ్చింది. బండ దగ్గర బోర్డు పాతి, హద్దు కొలవడానికి. స్లాబు హద్దు లోపల పడితే పగలగొట్టాల్సిందే అని సర్వేయరు ముందుగానే చెప్పాడు. బండ దగ్గర్నుంచి టేపు ఇంటివైపు వస్తోంది. ఎనభై, తొంభై, తొంభై ఐదు. సుంకమ్మ గోడకు వీపు ఆనించి, ఎవరో తోస్తున్నట్టు నిలబడింది.  నూరు దగ్గర టేపు ఆగింది. సర్వేయరు మేకు దిగ్గొట్టాడు. మేకుకూ గోడకూ మధ్య ఒక మేకపిల్ల పడుకునేంత చోటు మిగిలింది. సుంకమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. హుసేనప్ప ఆఫీసు టేపునూ తన టేపునూ మార్చి మార్చి చూసుకుని, రెండూ ఒకటేనప్పా అని ఆశ్చర్యపోయాడు.

కంబగిరి గడ్డం గీయించుకున్నాడు. ఒక సాయంత్రం చేతులు దురద పెట్టి, సంచి తగిలించుకుని బండ దగ్గరికి పోయాడు. చుట్టూ ఇనుప కంచె, కంచె లోపల కుర్చీ వేసుకుని కొత్త వాచ్‌మన్. పక్క మండలంవాడట, ఎవరినీ ఎరగడు. కంచె మీద చెయ్యి వెయ్యాకు పెద్దాయనా, పాతకాలం మనిషి కూర్చున్న చోటు అని మర్యాదగా చెప్పాడు. ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడని కంబగిరి అడిగాడు. ఎవరికీ తెలీదంట, గవర్నమెంటే వెతికి వెతికి వదిలేసిందంట అన్నాడు వాచ్‌మన్.

ఇరవై ఏళ్ళు కూర్చున్న బండ. కంబగిరి కాసేపు దాన్ని చూస్తూ నిలబడి, వెనక్కి తిరిగాడు. ముసలాయన మొహం చూసి వాచ్‌మన్‌కు జాలేసినట్టుంది. అటూ ఇటూ చూసి, జేబులోంచి ఏదో తీసి, కంచె సందులోంచి ఆయన చేతిలో పెట్టాడు.

“బండ పగుల్లో దొరికినాది. నలభై వేల ఏళ్ళది. ఎవరితో చెప్పాకు. అడుగున ఎర్రగా ఏందో అంటినాది, ఇంటికి పోయి కడిగేసుకో.”

కంబగిరి దాన్ని తిరగేసి చూడలేదు. చూడాల్సిన పనేముంది, చేతికి తెలియదా? నడుముకు చెక్కుకుని, దండం పెట్టి, గబగబా నడిచాడు. నూరు మీటర్ల మేకు దాటేసరికి వాన పట్టుకుంది, పెద్ద పెద్ద చినుకులు.

ఇంట్లో సుంకమ్మ నేల మీద చాప పరుచుకుని కూర్చుని కప్పు వైపే చూస్తోంది. అలవాటుగా ఒక గిన్నె తెచ్చి పక్కన పెట్టుకుంది గానీ, అది పొడిగానే ఉంది. కంబగిరి కత్తి తీసి ఆమె ముందు పెట్టాడు. పాతకాలందంట, వాచ్‌మన్ ఇచ్చినాడు అన్నాడు. ఆమె దాన్ని తిరగేసి ఎర్ర అక్షరం చూసింది, మొగుడి మొహం చూసింది, మళ్ళీ కప్పు చూసింది. ఇద్దరూ చాలాసేపు పగలబడి నవ్వారు. ఆ రోజు వంకాయలు దాంతోనే తరిగింది.